ముందు రాత్రి సంగతి చూడండి

పిల్లలతో మొదటిసారి క్యాంపింగ్‌కి వెళ్ళి టెంట్‌లో పడుకున్న రాత్రి అది. మా చిన్నాడు నన్ను తట్టి లేపేసరికి తెల్లవారుజామున మూడు కావస్తోంది. "అమ్మా, చలేస్తోంది" అన్నాడు. చెయ్యి పట్టుకుని చూశాను, వెచ్చగానే ఉంది. కప్పిన దుప్పటి మందంగానే ఉంది. ఇంకేమై ఉంటుందా అని వీపు కింద చెయ్యి పెట్టాను. అప్పుడు తెలిసింది. గాలి నింపిన పరుపు చన్నీళ్ళలో ముంచి తీసినట్టుంది. వాడి బనీను వెనకవైపంతా చల్లబడిపోయింది. నా పక్క కూడా అలాగే ఉంది, నిద్రమత్తులో నాకు తెలియలేదంతే.

దుప్పటి మడిచి వాడి కింద వెయ్యాలంటే వెలుతురు కావాలి. టార్చ్ ఏ బ్యాగులో పెట్టామో గుర్తు లేదు. ఫోన్ వెలిగిస్తే ఆ వెలుగుకి పెద్దమ్మాయి లేచింది. లేచిందే తడవు బాత్రూమ్‌కి వెళ్ళాలంది. టెంట్ జిప్ ఎక్కడుందో తడుముకుని తీస్తే, బయట వదిలిన చెప్పులు మంచుకి తడిసి ముద్దయ్యాయి. వాటిలో కాళ్ళు పెట్టనని అది ఏడుపు. ఏడుపు విని చిన్నాడు ఏడుపు. చివరికి మా ఆయన ఇద్దరినీ చెరో చంకన వేసుకుని కారులో పడుకోబెట్టారు. తెల్లారేదాకా మేమిద్దరం ముందు సీట్లలో కూర్చున్నాం. వెలుగు రాగానే సామాను సర్దుకుని ఇంటికొచ్చేశాం. ఆ తర్వాత చాలా నెలలపాటు, టెంట్ అన్న మాట వినబడితే చాలు పెద్దమ్మాయి మొహం ముడుచుకునేది. దాని బాల్యంలోకి అంత మంచి విషయాన్ని అంత చెడ్డగా పంపించామే అని నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇంటికొచ్చాక కారు డిక్కీలోంచి సామాను ఒక్కొక్కటే దింపుతుంటే నాకో సంగతి తట్టింది. మడత కుర్చీలు నాలుగు. చిన్న బల్ల. షటిల్ బ్యాట్లు. రెండు రకాల బంతులు. పాటల స్పీకర్. చెట్టుకి కట్టే లైట్ల దండ. ఊయల. మూడు పూటలకి సరిపడా కాదు, ఆరు పూటలకి సరిపోయే తిండి. అన్నీ పగటికే. ఉన్న ఒక్క రాత్రికి మేము తీసుకెళ్ళినవి ఒక టెంటూ, రెండు గాలి పరుపులూ, ఇంట్లో రోజూ కప్పుకునే దుప్పట్లూ. రెండు వారాలు కూర్చుని రాసుకున్న లిస్టు అది!

అప్పటినుంచీ నేను అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతున్నది ఒకటే. మొదటిసారి పిల్లలతో క్యాంపింగ్‌కి వెళ్తున్నారా? ముందు రాత్రి సంగతి చూడండి. పొద్దుగూకినప్పటి నుంచి మళ్ళీ తెల్లారేదాకా గంట గంటకీ ఏం జరుగుతుందో కూర్చుని ఊహించండి, లిస్టు అక్కణ్ణుంచి రాయండి. పగలు దానంతటదే గడిచిపోతుంది. పిల్లలకి ఒక కర్ర, కాస్త మట్టి, దగ్గరలో నీళ్ళుంటే కాసిని రాళ్ళు చాలు. పగలు ఏదైనా మర్చిపోతే అది చిన్న అసౌకర్యం, నవ్వుకుని సర్దుకుంటాం. రాత్రి మర్చిపోయినది మాత్రం ఎవర్నీ నిద్రపోనివ్వదు. పగటి పిక్నిక్‌కీ క్యాంపింగ్‌కీ ఉన్న తేడా అంతా ఆ ఒక్క రాత్రిలోనే ఉంది.

చలి సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. చలి పైనుంచి వస్తుందనుకుంటాం, అందుకే మందపాటి దుప్పటి వెతుక్కుంటాం. టెంట్‌లో పడుకున్నప్పుడు ఒంటి వేడిని ఎక్కువగా లాగేసేది కింద ఉన్న నేల. మన ఒళ్ళు ఎంత వెచ్చజేసినా ఆ నేల వెచ్చబడదు. రాత్రంతా లాగుతూనే ఉంటుంది. మామూలు గాలి పరుపు మెత్తగా ఉంటుందే తప్ప చలినాపదు. లోపల ఉన్న గాలికి అడ్డేమీ లేదు, మనం కదిలినప్పుడల్లా అటూ ఇటూ తిరుగుతూ ఒంట్లోని వేడిని నేలకి చేరవేస్తుంది. లోపల దూరి జిప్ వేసుకుని పడుకునే సంచి, అదే స్లీపింగ్ బ్యాగ్, ఎంత మంచిదైనా మన బరువుకి కిందిభాగం నలిగి పలచబడిపోతుంది, అందులో గాలి నిలవదు, గాలి నిలవకపోతే వెచ్చదనం లేదు.

దీనికి విరుగుడు క్యాంపింగ్ మ్యాట్. మ్యాట్ మీద ఆర్-వాల్యూ అని ఒక అంకె రాసి ఉంటుంది. వేడిని అది ఎంత గట్టిగా అడ్డుకుంటుందో చెప్పే కొలత. ఎండాకాలపు రాత్రులకి 1 నుంచి 2 మధ్య సరిపోతుంది, కాస్త చలిగా ఉండే రోజులకి 2 నుంచి 4, నీళ్ళు గడ్డకట్టే చలిలో 4 దాటాలి. ఈ అంకెలో ఒక మంచి గుణముంది. ఒకదాని మీద ఒకటి వేస్తే రెండూ కూడుకుంటాయి. అందుకే ఖరీదైన మ్యాట్ కొనలేకపోయినా బెంగ అక్కర్లేదు. పలచటి ఫోమ్ షీట్ ఒకటి కింద వేసి దాని మీద పరుపు, పరుపు మీద మళ్ళీ మందపాటి దుప్పటి, ఆ పైన మనం. కప్పుకునేది ఒకటైతే కింద పరిచేవి రెండు. మా ఇంట్లో ఇప్పుడిదే లెక్క.

స్లీపింగ్ బ్యాగ్ కొనేటప్పుడు దాని మీద ఉండే ఉష్ణోగ్రతలు చూసి చాలామంది పొరబడతారు. ప్రమాణాల ప్రకారం పరీక్షించిన బ్యాగు మీద రెండు ముఖ్యమైన అంకెలుంటాయి. ఒకటి కంఫర్ట్, రెండోది లిమిట్. కంఫర్ట్ అంటే ఒక మామూలు ఆడమనిషి కాళ్ళు చాపుకుని హాయిగా పడుకోగల చలి. లిమిట్ అంటే ఒక మగమనిషి ముడుచుకుని ఎలాగో రాత్రి గడపగల చలి. పెద్ద అక్షరాల్లో రెండో అంకె కనబడితే మోసపోకండి, కొనేవాళ్ళు చూడాల్సింది మొదటిది. ఇంకో సంగతి, నాకు చాలా ఆలస్యంగా తెలిసింది: ఈ పరీక్షలు పెద్దవాళ్ళ శరీరాల కోసం తయారైనవి. పిల్లల బ్యాగులకి ఆ ప్రమాణం వర్తించదు. పిల్లల ఒళ్ళు చిన్నది, బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ, అందుకే వేడి తొందరగా పోతుంది. వాళ్ళ బ్యాగు మీద ఏ అంకె ఉన్నా, అంతకంటే ఐదారు డిగ్రీలు వెచ్చగా ఉండే రాత్రికే అది పనికొస్తుందని నేను లెక్క వేసుకుంటాను.

వెళ్ళే చోట వాతావరణం చూసుకునేటప్పుడు కూడా పగటి ఉష్ణోగ్రత మీద కన్ను పెట్టకండి. తెల్లవారుజామున ఎంతకి పడుతుందో చూడండి. దగ్గరలో ఉన్న ఊరి అంకె చూసి సరిపెట్టుకుంటే అదీ తప్పే. సగటున ప్రతి 1000 మీటర్ల ఎత్తుకీ ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. ఊరు కింద ఉండి మీరు కొండ మీద పడుకుంటే లెక్క మారిపోతుంది. దీనికి తిరకాసు కూడా ఉంది. గాలి ఆడని, మబ్బు పట్టని రాత్రి చల్లగాలి బరువెక్కి పల్లంలోకి జారుతుంది. వాగు ఒడ్డున, గుంటలాంటి చోట, చూడటానికి ఎంతో అందంగా ఉన్న ఆ పచ్చిక మీద టెంట్ వేస్తే చలి కొలనులో పడుకున్నట్టే. మేము మొదటిసారి వేసింది సరిగ్గా అలాంటి చోటే. నాలుగడుగులు పైకి వేసి ఉంటే మంచూ తక్కువ పడేది, వాన వచ్చినా నీళ్ళు నిలిచేవి కావు.

చీకటి సంగతి కూడా చెప్పాలి. మన పిల్లలు నిజమైన చీకటిలో ఎప్పుడూ పడుకోలేదు, ఆలోచించి చూడండి. గదిలో దీపం ఆర్పినా కిటికీలోంచి ఏదో ఒక వెలుగు వస్తూనే ఉంటుంది. టెంట్‌లో కళ్ళు తెరిచినా మూసినా తేడా తెలియని చీకటి వాళ్ళకి పూర్తిగా కొత్త. దానికి శబ్దాలు తోడు. ఆకు రాలినా ఎవరో నడిచినట్టుంటుంది. ఈ భయాన్ని "ఏం లేదు పడుకో" అని కొట్టిపారేస్తే పోదు. మేము రెండోసారి వెళ్ళినప్పుడు పొద్దు వాలాక నలుగురం లైట్లన్నీ ఆర్పేసి బయట కూర్చున్నాం. చీకటికి కళ్ళు పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. మొదట్లో ఏమీ కనబడలేదు. కాసేపటికి చెట్ల అంచులు తేలాయి, తర్వాత పక్కనున్న మనిషి మొహం, ఆ తర్వాత ఆకాశంలో అంతకుముందు లేనన్ని చుక్కలు. "అమ్మా, ఇప్పుడు దారి కనిపిస్తోంది" అంది పెద్దమ్మాయి. చీకటి అంటే దానికి అప్పుడు అలవాటైంది. ఎవరో ఒకరు ఫోన్ తీసి చూస్తే ఆ అరగంట ఓపికా ఒక్క క్షణంలో పోతుంది. తలకి కట్టుకునే టార్చ్, అదే హెడ్‌ల్యాంప్‌లో ఎర్రలైటు ఉంటే అది వాడండి, చీకటికి అలవాటుపడిన చూపు అంతగా చెడదు.

మనిషికో టార్చ్ ఉండాలి. కుటుంబానికి ఒకటి చాలదు. రాత్రి ఇద్దరికి ఒకేసారి పని పడితే మూడోవాళ్ళు చీకట్లో మిగిలిపోతారు. మా ఇంట్లో ప్రతి హెడ్‌ల్యాంప్‌కీ ఒక చోటుంది. పడుకున్నాక కుడిచేయి చాపితే అందే చోట, టెంట్ పక్కజేబులో. చెప్పులు లోపలి గుమ్మం దగ్గర, కవరులో. టాయిలెట్‌కి వెళ్ళే దారి పగలే పిల్లలతో రెండుసార్లు నడిపిస్తాను, చీకటి పడ్డాక ఇంకోసారి. టాయిలెట్లు లేని చోటైతే నీటి ఒడ్డుకి కనీసం 60 మీటర్ల దూరం వెళ్ళాలి, 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వి, పని అయ్యాక మట్టి కప్పెయ్యాలి. గుంట తవ్వే చిన్న పార వెంట ఉండాలి. ఈ సంగతి పిల్లలకి ముందే చెప్పండి, అక్కడికి వెళ్ళాక చెబితే బిక్కచచ్చిపోతారు. నేను చూసినంతలో పిల్లలకి చలికంటే చీకటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. వాళ్ళు నోరు తెరిచి చెప్పరు. నీళ్ళు తాగడం మానేస్తారు, కడుపు బిగబట్టుకుంటారు. అంత చిన్న పిల్లలు లోలోపల అంత బాధ పడుతుంటే మనకి తెలియకపోవడం నాకు భరించరాని విషయం.

ఇంత చెబుతుంటే మా బంధువొకరు అన్నారు: "ఇంత ప్రిపరేషన్ అయితే ఇంక సరదా ఏముంది? టెంట్ పడేసుకుని వెళ్ళిపోవాలి గానీ." ఆ మాటలో నిజం లేకపోలేదు. ఒంటరిగానో స్నేహితులతోనో వెళ్ళేవాడికి అది చెల్లుతుంది. వాడు ఒక రాత్రి వణికితే తెల్లారి కథగా చెప్పుకుంటాడు. ఆ వణుకుని వాడే ఎంచుకున్నాడు. ఆరేళ్ళ పిల్లాడు దేన్నీ ఎంచుకోలేదు. మన మాట నమ్మి వచ్చాడు. వాడికి అడవి అంటే ఏమిటో ఆ ఒక్క రాత్రే చెబుతుంది. ఉన్నపళంగా బయల్దేరే స్వేచ్ఛ నాకూ ఇష్టమే, కానీ అది పదోసారికి వచ్చే స్వేచ్ఛ. మొదటిసారికే కావాలంటే దాని ఖరీదు పిల్లలు కట్టాల్సి వస్తుంది.

దీనికి సరిగ్గా ఎదురుగా ఇంకో రకం సలహా వినబడుతుంది. అన్నీ కొనేయమంటారు. ఫలానా స్టవ్, ఫలానా కుర్చీ, మడత సింకు, బ్యాటరీ ఫ్యాన్. దీన్నీ నేను ఒప్పుకోను. సామాను పెరిగేకొద్దీ దించడానికీ వెతకడానికీ సర్దడానికీ పట్టే టైము పెరుగుతుంది, చీకటి పడేలోగా పని తెమలదు. ఆధునిక క్యాంపింగ్‌కి ఆద్యుడిగా చెప్పుకునే థామస్ హైరమ్ హోల్డింగ్ వృత్తిరీత్యా దర్జీ. 1901లో ఇంగ్లాండులో సైకిల్ మీద వెళ్ళి క్యాంప్ వేసేవాళ్ళ సంఘాన్ని మొదలుపెట్టాడు. సైకిల్ మీద ఎంత పడుతుందో అంతే సామాను. గుడ్డ బరువు తెలిసిన మనిషి కాబట్టి ఏది అక్కర్లేదో ఆయనకి తెలిసి ఉంటుందని నాకనిపిస్తుంది. కారు డిక్కీ మనకా ఆలోచన రానివ్వదు. మొదటిసారికి కొనడం కంటే అద్దెకో, తెలిసినవాళ్ళ దగ్గర అరువుకో తెచ్చుకోవడం మేలు. ఒక్క రాత్రి పడుకుని లేస్తే ఏది కొనాలో మీ నడుమే చెబుతుంది.

కొన్నా అరువు తెచ్చినా, టెంట్ విషయంలో మాత్రం ఒక్కటి గుర్తుపెట్టుకోండి. నలుగురి టెంట్ అని రాసి ఉంటే నలుగురు భుజాలు ఆనించుకుని పడుకుంటే సరిపోతుందని అర్థం. బ్యాగులకి చోటుండదు. నలుగురున్న కుటుంబం ఆరుగురి టెంట్ తీసుకోవడం మంచిది. అలాగని మరీ పెద్దది వద్దు, లోపల వెచ్చదనం నిలవదు, గాలికి కొట్టుకుంటుంది.

ఇక నేను మరీ మరీ చెప్పేది రిహార్సల్ గురించి. వెళ్ళడానికి వారం ముందు ఒక రాత్రి ఇంటి దగ్గరే టెంట్‌లో పడుకోండి. పెరడుంటే పెరట్లో, మేడ ఉంటే మేడ మీద, రెండూ లేకపోతే హాల్లో సోఫా జరిపి. నలుగురూ, పూర్తిగా, తెల్లారేదాకా. మధ్యలో లోపలికెళ్ళి మంచం మీద పడుకోవడం లేదు. ఇది ఆటలా ఉంటుంది గానీ దీనంత పనికొచ్చేది ఇంకోటి లేదు. మేము రెండో ప్రయాణానికి ముందు పెరట్లో ఇలాగే పడుకున్నాం. ఆ ఒక్క రాత్రిలో మూడు సంగతులు బయటపడ్డాయి. టెంట్‌ని నేలకి బిగించే మేకులు, అదే పెగ్గులు, పదహారు ఉండాల్సింది పదకొండే ఉన్నాయి. చిన్నాడి బ్యాగు జిప్ సగంలో గుడ్డని పట్టేసుకుంటోంది, వాడు ఒంటరిగా తీసుకోలేడు. టెంట్ కిందివైపు ఒక కుట్టు దగ్గర తేమ లోపలికి వస్తోంది. ఇవే మూడు సంగతులు ఇంటికి దూరంగా, చీకట్లో, వానలో తెలిసి ఉంటే ఎలా ఉండేదో ఊహించుకోండి.

రిహార్సల్ రాత్రి ఒక పని తప్పకుండా చెయ్యండి. దీపాలు ఆర్పేసి, టార్చ్ వెలుతురులో టెంట్ ఒకసారి విప్పి మళ్ళీ వెయ్యండి. ఎంతసేపు పట్టిందో చూసుకోండి. మాకు మొదటిసారి యాభై నిమిషాలు పట్టింది, అందులో పావుగంట ఏ కర్ర ఏ గొట్టంలోకి వెళ్తుందనే వాదనే. మా ఆయన తర్వాత ఆ కర్రల చివరలకి రంగు టేపులు చుట్టారు. ఎరుపు ఎరుపులోకి, నీలం నీలంలోకి. రెండోసారి పద్దెనిమిది నిమిషాలు. పెగ్గులు నేలలోకి నిటారుగా కొట్టకూడదు. తల భాగం టెంట్‌కి అవతలికి వాలేలా ఏటవాలుగా దిగాలి, అప్పుడే తాడు లాగినా ఊడి రాదు. కింద పరిచే పట్టా టెంట్ నేలకంటే కొంచెం చిన్నదిగా ఉండాలి. అంచులు బయటికి వస్తే వాననీళ్ళు దాని మీద పడి నేరుగా మన పక్క కిందికి చేరతాయి. పైన కప్పే ఫ్లైని లోపలి గుడ్డకి తగలకుండా బిగుతుగా లాగాలి. పొద్దున టెంట్ లోపల తడి కనబడితే వెంటనే కారుతోందనుకోకండి. నలుగురు రాత్రంతా వదిలిన ఊపిరిలోని తేమ చల్లటి గుడ్డకి తగిలి నీరవుతుంది. చలిగా ఉన్నా పై వెంటిలేటర్లు తెరిచే ఉంచాలి.

చలికి తట్టుకోలేక కొందరు చేసే పని ఒకటుంది, దాని గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. బొగ్గుల కుంపటి గానీ గ్యాస్ స్టవ్ గానీ గ్యాస్ హీటర్ గానీ టెంట్ లోపల ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకండి. ఆరిపోతున్నట్టు కనబడే బొగ్గులైనా సరే. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు, నిద్రలో ఉన్న మనిషికి తెలిసే దారి లేదు. కుటుంబాలకి కుటుంబాలే నిద్రలో ప్రాణాలు పోగొట్టుకున్నాయి. వంట కూడా టెంట్ గుమ్మంలో వద్దు, వాన పడుతున్నా సరే. వెచ్చదనం కావాలంటే పడుకునే ముందు కడుపునిండా వేడిగా తినండి, పొద్దుటినుంచీ వేసుకున్న చెమట బట్టలు మార్చి పొడి బట్టలు, పొడి మేజోళ్ళు వేసుకోండి, తలకి టోపీ పెట్టండి. గట్టి మూత ఉన్న సీసాలో వేడినీళ్ళు పోసి, మేజోడులో దూర్చి, కాళ్ళ దగ్గర పెట్టుకోండి. ఆ సీసా మాకు పెద్దవాళ్ళకి మాత్రమే. చిన్నాడికి ముందుగా బ్యాగుని దానితో వెచ్చబెట్టి, వాడు పడుకునే ముందు తీసేస్తాను.

మంట దగ్గరా ఇలాంటి జాగ్రత్తే. క్యాంప్‌ఫైర్ అనగానే అందరూ మంట ఎగసిపడుతున్నప్పుడు పిల్లల్ని దూరంగా లాగుతారు. మంచిదే. కానీ కాళ్ళు కాలేది తరచుగా మర్నాటి పొద్దునే. రాత్రి నిప్పుల మీద ఇసుకో మట్టో కప్పి ఆరిపోయిందనుకుంటాం. ఇసుక కింద నిప్పు చాలా గంటలు అలాగే ఉంటుంది, పైకి పొగ కూడా రాదు. పొద్దున్నే చెప్పుల్లేకుండా పరుగెత్తే పిల్లాడికి అది మామూలు నేలలాగే కనబడుతుంది. మంటని నీళ్ళతోనే ఆర్పాలి. పోసి, కర్రతో కలిపి, మళ్ళీ పోసి, చెయ్యి దగ్గరగా పెట్టి చూసి, వేడి లేదనిపించేదాకా. అసలు ఆ చోట, ఆ కాలంలో మంట వెయ్యనిస్తారో లేదో ముందే కనుక్కోండి. వద్దన్న చోట వెయ్యకండి. మంట లేకపోతే క్యాంపింగే కాదనేవాళ్ళని పట్టించుకోకండి, మంటలేని రాత్రే చుక్కలు బాగా కనబడతాయి.

తిండి గురించి నాకు పెద్దగా చెప్పాలని లేదు. ఒక్క గిన్నెలో అయిపోయేది, ఇంట్లో ఒకసారి అదే స్టవ్ మీద వండి చూసినది, పిల్లలు మారుమాట లేకుండా తినేది. అంతే. త్వరగా పాడయ్యేవాటిని మాత్రం బయట వదిలెయ్యకండి. 4 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు గబగబా పెరుగుతాయి, వండినది రెండు గంటలకంటే బయట ఉంచకూడదు, బాగా ఎండగా ఉంటే గంటే. ఐస్ పెట్టెలో ముక్కల ఐస్ కంటే సీసాల్లో గడ్డకట్టించిన నీళ్ళు ఎక్కువసేపు నిలుస్తాయి, కరిగాక తాగనూ వచ్చు. తాగడానికీ వంటకీ కలిపి మనిషికి రోజుకి నాలుగు లీటర్ల లెక్కన తీసుకెళ్ళండి. వాగు నీళ్ళు తాగాల్సి వస్తే తెర్లకాగిన తర్వాత ఒక నిమిషం, 2000 మీటర్లు దాటిన ఎత్తులో మూడు నిమిషాలు మరగనివ్వాలి. చిన్న గ్యాస్ డబ్బాలో ఉన్నది ఉత్త బ్యూటేన్ అయితే సున్నా డిగ్రీల దగ్గర స్టవ్ సరిగ్గా వెలగదు, ఎందుకంటే అది ఆవిరయ్యేదే సుమారు మైనస్ సగం డిగ్రీ దగ్గర. చలిప్రాంతానికైతే ప్రొపేన్ కలిసినది చూసుకోండి. మిగిలిన తిండి రాత్రి టెంట్‌లో ఉంచుకోకండి, బిస్కెట్ పొడి కూడా. వాసనకి ఏదో ఒకటి వస్తుంది.

పిల్లల్ని ప్రయాణికుల్లా తీసుకెళ్ళకూడదని నా గట్టి అభిప్రాయం. చెరొక పని ఇవ్వాలి, నిజంగా అవసరమైన పని, వాళ్ళు చెయ్యకపోతే ఆగిపోయే పని. మా చిన్నాడు పెగ్గుల యజమాని. వెళ్ళేటప్పుడు పదహారు లెక్కపెట్టి సంచిలో వేస్తాడు, వచ్చేటప్పుడు పదహారు లెక్కపెట్టి తీసుకొస్తాడు. ఒకసారి పదిహేనే వచ్చాయి. మా ఆయన కారు స్టార్ట్ చేసినా వాడు ఎక్కలేదు. గడ్డిలో పావుగంట పాకుతూ వెతికి, మట్టిలో తల మాత్రమే బయటికున్న ఆ పదహారోదాన్ని వేళ్ళతో పీకి తెచ్చాడు. గోళ్ళ నిండా మట్టి. ఆ మొహంలో వెలుగు నేను వర్ణించలేను. పెద్దమ్మాయిది రాత్రి డ్యూటీ. పడుకునే ముందు అందరి టార్చ్‌లూ వాటి చోట ఉన్నాయా, చెప్పులు లోపలికొచ్చాయా, జిప్‌లు చివరిదాకా వేశామా అని చూసేది అదే. చీకటంటే భయపడ్డ పిల్లకే చీకటి బాధ్యత ఇవ్వాలన్నది మా ఆయన ఆలోచన. నేను మొదట ఒప్పుకోలేదు. ఆయనదే సరైన మాటని తర్వాత తేలింది.

ఉరుములు మొదలైతే ఏం చెయ్యాలో కూడా ఇంటి దగ్గరే మాట్లాడుకోండి. మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెడితే ప్రతి మూడు సెకన్లకీ ఒక కిలోమీటరు దూరం. ముప్పై సెకన్లలోపు వినబడిందంటే పది కిలోమీటర్లలోపు ఉన్నట్టు, వెంటనే కారులోకి వెళ్ళిపోవాలి. పైకప్పు ఇనుపదైన కారు కాపాడుతుంది, టెంట్ అస్సలు కాపాడదు, ఒంటరి చెట్టు ఇంకా ప్రమాదం. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగి బయటికి రావాలి. పిల్లలకి ఈ లెక్కపెట్టడం చాలా ఇష్టం, భయం మర్చిపోయి అంకెల్లో పడతారు.

మొదటిసారికి ఒక్క రాత్రే, ఇంటికి రెండు గంటల దూరం లోపే, కారు టెంట్ పక్కనే ఆపుకోగలిగే చోటే. ఇంకో మాట బయల్దేరే ముందే అందరూ వినేలా అనుకోండి: ఎవరికి బాగోకపోయినా, అర్ధరాత్రి అయినా సరే, ఇంటికొచ్చేద్దాం, ఎవరూ ఎవర్నీ ఏమీ అనకూడదు. ఈ మాట చెప్పాక పిల్లలు వెళ్దామని అడగడం మానేస్తారు. వెళ్ళగలమని తెలిస్తే ఉండగలుగుతారు. మొదటిసారి మేము వెనక్కి రావడం తప్పు కాదు. వచ్చాక వారంపాటు మొహాలు వేలాడేసుకుని, ఖర్చంతా వృథా అయిందని పిల్లల ముందే అనుకున్నాం చూడండి, తప్పంతా అక్కడే జరిగింది. పెద్దమ్మాయి ఆ భారమంతా తన ఏడుపు మీదే వేసుకుంది. ఆ సంగతి అది నాకు రెండేళ్ళ తర్వాత చెప్పింది.

రెండోసారి వెళ్ళినప్పుడు కూడా నాకు రాత్రి మెలకువ వచ్చింది. అలవాటుగా చిన్నాడి వీపు కింద చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది. పక్కన ఏదో కదిలిన చప్పుడు. పెద్దమ్మాయి లేచి కూర్చుంది. పక్కజేబులోకి చెయ్యి పోనిచ్చి హెడ్‌ల్యాంప్ తీసుకుని ఎర్రలైటు వేసుకుంది. కవరులోంచి తన చెప్పులు తీసి తొడుక్కుంది. నేను లేవబోతుంటే, "నువ్వు పడుకో అమ్మా, దారి తెలుసు నాకు" అని గుసగుసగా అని, ఎవరూ లేవకుండా జిప్‌ని పన్ను పన్నుగా తీసింది. ఆ ఎర్రటి చుక్క టెంట్ గుడ్డ మీదుగా మెల్లగా దూరమవుతుంటే చూస్తూ పడుకున్నాను. కాసేపటికి అది ఆగిపోయింది. భయమేసి తల బయటపెట్టి చూద్దును కదా, అది లైటు ఆర్పేసి, మెడ వెనక్కి వాల్చి, దారి మధ్యలో నిలబడి ఆకాశంలోకి చూస్తోంది.